బడి దారి ఎవరిది? నడిపించాలా, బండెక్కించాలా అనే ముందు అడగాల్సిన ప్రశ్నలు

జూన్ వచ్చిందంటే పత్రికల్లో, టీవీల్లో ఒక చర్చ మామూలుగా నడుస్తుంది. పిల్లల్ని బడికి నడిపించి తీసుకెళ్లడం మంచిదా, బండి మీద దింపడం మంచిదా? నడిస్తే ఒంటికి మంచిదని డాక్టర్లు చెబుతారు. బడి గేటు ముందు కార్లూ స్కూటర్లూ తగ్గితే ప్రమాదాలు తగ్గుతాయని ట్రాఫిక్ పోలీసులు చెబుతారు. పొద్దున పూట అంత తీరిక ఎక్కడిదని తల్లిదండ్రులు అడుగుతారు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు.

కానీ ఈ చర్చలో ఎవరూ పైకి చెప్పని సంగతి ఒకటుంది. నడిపించాలా, దింపాలా అని ఆలోచించుకోవాలంటే ముందు కొన్ని ఉండాలి. నడిచేంత దూరంలో బడి ఉండాలి. భయం లేకుండా నడవగలిగే దారి ఉండాలి. దింపి రావడానికి ఇంట్లో బండి ఉండాలి, కూలి పోగొట్టుకోకుండా ఒక గంట ఆగే వీలు ఉండాలి. వాడల్లో చాలా ఇళ్లకు వీటిలో ఏదో ఒకటి ఉండదు. కొన్ని ఇళ్లకు ఏదీ ఉండదు.

పొద్దున ఎనిమిదింటికి ఏదైనా పల్లెలో నిలబడి చూడండి. ఊళ్లో రామాలయం దగ్గర పసుపుపచ్చ స్కూలు బస్సు ఆగుతుంది. బ్యాగు పట్టుకుని నాన్నో తాతో పిల్లాణ్ణి ఎక్కించి వెనక్కి వెళ్తారు. అదే సమయానికి వాడ చివర కూలి ఆటో బయల్దేరుతుంది. అందులో కూర్చున్న అమ్మ, గుమ్మంలో నిలబడ్డ పెద్దపిల్లకు కేకేసి చెబుతుంది: "తమ్ముడి చెయ్యి వదలమాకమ్మా. రోడ్డు కాడ ఆగి, అటూ ఇటూ చూసి దాటండి." ఆ పిల్లకు తొమ్మిదేళ్లు. తమ్ముడికి ఆరు. తల్లిదండ్రులు పిల్లల్ని నడిపించాలా అన్న ప్రశ్నకు వాడలో చాలాసార్లు దొరికే జవాబు ఆ తొమ్మిదేళ్ల అక్కే.

అందుకే ఈ వ్యాసం తల్లిదండ్రులకు సలహాతో మొదలుకావడం లేదు. ఆ పిల్లలు నడిచే దారి ఎలాంటిది, దాని బాధ్యత చట్టం ఎవరి మీద పెట్టింది, ఆ బాధ్యతను ఎలా అడగాలి అన్నవి ముందు చూద్దాం. సలహా చివర్లో వస్తుంది.

దారికి కులం ఉంది

మన దేశంలో బడికి వెళ్లే హక్కు కోసం జరిగిన పోరాటం చాలా చోట్ల దారి మీదే మొదలైంది. 1848లో పుణెలో ఆడపిల్లల బడికి పాఠం చెప్పడానికి వెళ్తున్న సావిత్రీబాయి ఫూలే మీద పేడ, మట్టి విసిరేవారని, ఆమె మార్చుకోవడానికి వెంట ఇంకో చీర తీసుకెళ్లేవారని మనందరం విన్నదే. ఆమెను ఆపాలనుకున్నవాళ్లు తరగతి గది దాకా రానక్కర్లేకపోయింది. వీధే వాళ్లకు సరిపోయింది.

తిరువితాంకూరులో దళితులు బండి ఎక్కి రాజబాట మీద పోకూడదు. 1893లో అయ్యంకాళి ఎద్దుల బండి కొనుక్కుని, మంచి బట్టలు కట్టుకుని అదే బాట మీద తోలుకుంటూ వెళ్లాడు. దాడి జరిగింది, ఎదురు నిలబడ్డాడు. తర్వాత 1910లలో ఆయనే పంచమి అనే దళిత బాలికను చెయ్యి పట్టుకుని ఊరూట్టంబలం బడిలో చేర్చడానికి తీసుకెళ్లాడు. ఆ పిల్ల కూర్చుందన్న కోపంతో ఆధిపత్య కులాలవాళ్లు ఆ బడినే తగలబెట్టారు. బండి, బాట, బడి వేరువేరు హక్కులు కావని అయ్యంకాళి జీవితమే చెబుతుంది.

మరో ఉదాహరణ బాబాసాహెబ్ స్వయంగా రాసిపెట్టింది. 1901లో తొమ్మిదేళ్ల భీమ్‌రావు, తన అన్న, మేనల్లుళ్లతో కలిసి తండ్రి పనిచేసే కోరేగావ్‌కు బయల్దేరాడు. మసూర్ స్టేషన్‌లో రైలు దిగారు. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. మహర్ పిల్లలని తెలిసేసరికి ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. రెండింతల కిరాయి ఇస్తామన్నా మైలపడతామని ఒప్పుకోలేదు. చివరికి కుదిరిన ఏర్పాటు ఏమిటంటే, పిల్లలే బండి తోలుకోవాలి, కిరాయి రెట్టింపు ఇవ్వాలి, బండివాడు పక్కన నడుస్తాడు. డబ్బు ఉంది, బండి ఉంది, తోలేవాడు ఉన్నాడు. అయినా ప్రయాణం దొరకలేదు. "బండి కొనుక్కోలేకపోవడం పేదరికం, దానికి కులంతో పనేంటి" అని అడిగేవాళ్లకు ఈ ఒక్క సంఘటన చాలు.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. 2025 మార్చిలో తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా శ్రీవైకుంఠం దగ్గర, పరీక్ష రాయడానికి బస్సులో వెళ్తున్న పదకొండో తరగతి దళిత కుర్రాణ్ణి దారిలో కిందికి లాగి చేతి వేళ్లు నరికారు. నడుస్తున్న పిల్లవాడికే కాదు, బస్సు ఎక్కిన పిల్లవాడికీ దారిలో రక్షణ లేదు. వాహనం దూరాన్ని తగ్గిస్తుంది. కులాన్ని తగ్గించదు.

నడక మంచిదే, కానీ ఏ దారిలో?

నడక మంచిదన్న మాటను మనం కాదనక్కర్లేదు. బడి దగ్గర ఉండి, దారి బాగుంటే పిల్లలు నడవడమే మేలు. ఒళ్లు గట్టిపడుతుంది, నలుగురు స్నేహితులు దొరుకుతారు, ఖర్చుండదు. పెద్దవాళ్ల తోడు లేకుండా నాలుగు వీధులు తెలుసుకుంటారు. సమస్య నడకలో లేదు, దూరంలోనూ దారిలోనూ ఉంది.

దూరం సంగతి చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద కేంద్రం తెచ్చిన నమూనా నియమాల ప్రకారం 1 నుంచి 5వ తరగతి దాకా బడి నడిచి వెళ్లే దూరంలో, 1 కిలోమీటరు లోపు ఉండాలి. 6 నుంచి 8 దాకా 3 కిలోమీటర్ల లోపు ఉండాలి. కాగితం మీద 3 కిలోమీటర్లు చిన్నమాటే. పదకొండేళ్ల పిల్ల బ్యాగు మోసుకుంటూ నడిస్తే అది ముప్పావు గంట, ఒక్కోసారి గంట. రాను పోను రోజుకు 6 కిలోమీటర్లు. 6 నుంచి 8 తరగతులకు చట్టం చెప్పిన పనిదినాలు ఏడాదికి 220. అంటే ఏడాదిలో 1,320 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు ఐదుసార్లు నడిచినంత. చట్టం ఒప్పుకున్న దూరమే ఇది. దాన్ని మించినది వేరే.

ఇక దారి. వాడ చాలాచోట్ల ఊరికి ఒక పక్కన, పల్లంలో, వాగు అవతలో చెరువు కిందో ఉంటుంది. ఇది యాదృచ్ఛికంగా జరిగింది కాదు, వెలి నుంచి వచ్చింది. వానాకాలంలో మొదట మునిగే దారి వాడదే, చివర సిమెంటు పడే దారీ వాడదే. హైవేలు వెడల్పయినచోట ఊరూ బడీ ఒక పక్క, వాడ ఒక పక్క మిగిలిన పల్లెలున్నాయి. పిల్లలు రోజుకు రెండుసార్లు ఆ హైవే దాటాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. చనిపోయినవాళ్లలో 18 ఏళ్ల లోపువాళ్లు 9,528 మంది, రోజుకు సగటున 26 మంది. వీళ్లంతా బడికి వెళ్తూ పోయినవాళ్లు కాకపోవచ్చు. కానీ నడిచేవాడికి మన రోడ్ల మీద ఎంత విలువుందో ఈ లెక్క చెబుతుంది.

ఈ లెక్కల్లోకి రాని ప్రమాదం మరొకటి ఉంది. ఊళ్లోంచి పోయే దారిలో అరుగుల మీద కూర్చున్నవాళ్ల మాటలు, కులం పేరు పెట్టి పిలవడం, చెప్పులేసుకున్నందుకో కొత్త చొక్కా తొడుక్కున్నందుకో ఎగతాళి, ఎనిమిదో తరగతికి వచ్చిన ఆడపిల్ల వెంట బైకు మీద రావడం. పిల్లలు ఇవి ఇంట్లో చెప్పరు. చెబితే బడి మాన్పిస్తారని ఆడపిల్లలకు తెలుసు, చెబితే గొడవవుతుందని మగపిల్లలకు తెలుసు. "కడుపునొప్పి, ఇవాళ బడికి పోను" అన్న మాట వెనక ఏ దారి ఉందో అడిగే అలవాటు మనకూ, మన టీచర్లకూ ఇంకా రాలేదు.

బండెక్కిస్తే గండం గట్టెక్కుతుందా?

నడక ఇంత కష్టమైతే బండెక్కించొచ్చు కదా అంటారు. అదీ చూద్దాం.

సొంత బండి ఉన్న ఇంట్లో కూడా నాన్న దాన్ని పనికి తీసుకెళ్తాడు. పొలం పనులు పొద్దున్నే మొదలవుతాయి, బడి తొమ్మిదింటికో తర్వాతో మొదలవుతుంది. పిల్లల్ని దింపి వెళ్తే ఆ రోజు ముఠాలో చోటుండదు. టైముకు పోకపోతే కూలి పోతుంది. జీతగాళ్ల ఇంట్లో ఒక గంట ఆలస్యం ఆలస్యమే. కూలీల ఇంట్లో అది ఆ రోజు బియ్యం. అందుకే "తల్లిదండ్రులు శ్రద్ధ చూపడం లేదు" అని ఎవరైనా అంటే, ఆ శ్రద్ధ ఖరీదు ఎంతో ఒకసారి లెక్కగట్టమనాలి.

బైకు మీద దింపేటప్పుడు తండ్రి ముందు ఒకడు, వెనక ఇద్దరు కూర్చోవడం మనం రోజూ చూస్తాం. మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. అంతకంటే చిన్నపిల్లలకు హెల్మెట్‌తో పాటు పెద్దవాళ్లకు కట్టి ఉంచే బెల్టు ఉండాలని, బండి గంటకు 40 కిలోమీటర్లు మించకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. ఇంకో సంగతి. దారి దూరమని పద్నాలుగేళ్ల పిల్లాడికి బండి తాళం ఇవ్వడం పల్లెల్లో పెరుగుతోంది. 2019 సవరణ తర్వాత, మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బడి దూరమైన తప్పు ప్రభుత్వానిది, కేసు మాత్రం నాన్న మీద.

ఆటో సంగతి అందరికీ తెలుసు. నలుగురు ఎక్కాల్సిన దాంట్లో పదిహేను మంది, డ్రైవరుకు రెండు పక్కలా ఇద్దరు, బ్యాగులు బయట వేలాడుతూ. కిరాయి తక్కువ కావాలంటే పిల్లల్ని ఎక్కువ ఎక్కించాలి. డ్రైవరూ పేదవాడే, చాలాసార్లు మన వాడవాడే. ప్రైవేటు బడి బస్సే క్షేమం అనుకోవడానికీ లేదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర గేటు లేని రైలు పట్టాల మీద స్కూలు బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పిల్లలు చనిపోయిన సంగతి తెలంగాణ ఇంకా మర్చిపోలేదు. పైగా ఆ బస్సుకు ఫీజు వేరే. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేద, దళిత, ఆదివాసీ, బలహీన వర్గాల పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలి. సీటు దొరికినా బస్సు ఫీజు కట్టలేక ఆ సీటు వదులుకునే ప్రమాదం ఉంది.

ఆర్టీసీ బస్సు మనకు దక్కిన మంచి సాధనం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. హైస్కూలు, కాలేజీ చదివే ఆడపిల్లలకు ఇది పెద్ద ఊరట. కానీ టిక్కెట్టు ఉచితమైతే చాలదు. బస్సు రావాలి. బడి టైముకు రావాలి. చెయ్యెత్తితే వాడ దగ్గర ఆగాలి. "స్టేజీ ఊళ్లో ఉంది, అక్కడికి రండి" అంటే మళ్లీ ఆ నడక మొదటికొచ్చినట్టే.

బడి జరిగిన కొద్దీ

ఈ మొత్తం చర్చ ఇప్పుడు అత్యవసరం కావడానికి కారణం బడులు దూరం కావడం.

వాడల్లో బడులు ఎలా వచ్చాయో గుర్తుచేసుకోవాలి. ఊరి బడుల్లో మన పిల్లల్ని చేర్చుకోనందువల్ల వచ్చాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లలో లేబర్ శాఖ దళిత పిల్లల కోసం వేరుగా బడులు తెరిచింది. కోస్తాలో, రాయలసీమలో పాతవాళ్లు వాటిని లేబర్ బడులు అనే పిలిచేవాళ్లు. నిజాం హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి బస్తీల్లో ఆది హిందూ పిల్లలకు బడులు పెట్టారు. ఊరు దారి మూసేసింది కాబట్టి బడి వాడకు వచ్చింది.

ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవాల్సిన ఒక చిక్కుంది. వాడ బడి దగ్గరగా ఉంటుంది, కానీ అందులో మన పిల్లలే ఉంటారు. ఊరి పిల్లలు రారు, వసతులూ అంతంతమాత్రమే. అన్ని కులాల పిల్లలు కలిసి కూర్చునే బడి కావాలంటే ఎవరో ఒకరు నడవాలి. ఇన్నేళ్లుగా నడవాల్సింది మనమే అయింది. వాడలో బడి కడితే ఊరి పిల్లలు అక్కడికి నడిచి రావచ్చు కదా అని ఏ అధికారీ అడగడు. ఉమ్మడి బడి మన కలే. దానికోసం ఆరేళ్ల పిల్లలు ఒంటరిగా హైవే దాటాలన్నది మన కల కాదు.

2020లో కొత్త జాతీయ విద్యా విధానం వచ్చాక బడులను కలపడం వేగం పుంజుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ప్రకారం 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించారు. పాత బడిలో 1, 2 తరగతులే మిగిలాయి. ఒకే ఇంట్లో అక్క హైస్కూలుకు, తమ్ముడు పాత బడికి. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే అక్క దారి మారిపోయింది. ఆ ఏడాది జూలైలో చాలా చోట్ల తల్లిదండ్రులు పిల్లలతో సహా పాత బడుల ముందు బైఠాయించారు. రోడ్లు, వాగులు దాటి ఎలా పంపమంటారని అడిగారు. 2025లో ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసి బడుల వర్గీకరణకు కొత్త పద్ధతి తెచ్చింది. పేరేదైనా, పద్ధతేదైనా మనం అడగాల్సింది ఒకటే: మా పిల్లలు ఎంత దూరం, ఏ దారిలో నడవాలి?

బడి దూరమైతే మొదట ఆగేది ఆడపిల్ల. దారి దగ్గరైతే మొదట కదిలేదీ ఆమే. దీనికి బిహార్ సాక్ష్యం ఉంది. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ చేసిన అధ్యయనంలో ఆ పథకం వల్ల సెకండరీ బడుల్లో ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయని, చేరికల్లో ఆడా మగా తేడా 40 శాతం తగ్గిందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేక పిల్లలు ఆగిపోతున్నారన్న మాటకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. ఆసక్తి ఎప్పుడూ ఉంది. లేనిది సైకిలు.

చట్టంలో మన చేతికి అందేవి

విద్యాహక్కు నియమాల్లో దూరం గురించిన 6వ నియమాన్ని చాలామంది 1 కిలోమీటరు, 3 కిలోమీటర్ల దగ్గర చదవడం ఆపేస్తారు. అసలు పనికొచ్చేవి ఆ తర్వాత ఉన్నాయి.

కొండచరియలు విరిగిపడే చోట, వరదలు వచ్చే చోట, రోడ్డు లేని చోట, చిన్నపిల్లలకు దారి ప్రమాదకరమైన చోట ఆ దూరాన్ని తగ్గించి, ప్రమాదం లేకుండా బడి పెట్టాలి. అంటే వాగో హైవేనో అడ్డం ఉంటే "900 మీటర్లే కదా" అన్న జవాబు చెల్లదు.

చిన్న ఆవాసాల్లో ఆ దూరంలో బడి లేకపోతే ఉచిత రవాణా గానీ, హాస్టలు వసతి గానీ ప్రభుత్వమే ఏర్పాటు చేయాలి. వికలాంగ పిల్లలకు ప్రత్యేకంగా రవాణా సౌకర్యం కల్పించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, సామాజిక, సాంస్కృతిక కారణాల వల్ల పిల్లలు బడికి రావడానికి అడ్డంకి లేకుండా చూడాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, స్థానిక సంస్థలే. ఊరి దారిలో కులం అడ్డు వస్తే, అది ఆ ఇంటి సొంత గొడవ కాదు, ప్రభుత్వం తీర్చాల్సిన అడ్డంకి అని ఈ నియమం చెబుతోంది.

చట్టం సెక్షన్ 3లో మరో మాట ఉంది. ఉచిత విద్య అంటే ఫీజు లేకపోవడం మాత్రమే కాదు. పిల్లల చదువు పూర్తికాకుండా ఆపగలిగే ఏ ఖర్చూ వాళ్ల మీద పడకూడదు. ఆటో కిరాయి అలాంటి ఖర్చే. సమగ్ర శిక్ష కింద బడి దూరమైన పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయల దాకా రవాణా భత్యం ఇచ్చే వీలుంది. హెడ్మాస్టరు, మండల విద్యాధికారి పేర్లు పంపితేనే అది వస్తుంది. అడగని వాడ పేరు ఆ జాబితాలోకి ఎక్కదు.

ఇక ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 2015 సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) మన బడి దారిని చూసి రాసినట్టే ఉంటుంది. దళితులను, ఆదివాసీలను రోడ్డు మీద, దారిలో పోకుండా అడ్డుకోవడం, సైకిలో మోటారు సైకిలో ఎక్కకుండా ఆపడం, బహిరంగంగా చెప్పులు, కొత్త బట్టలు వేసుకోనివ్వకపోవడం, విద్యా సంస్థలోకి రానివ్వకపోవడం, ఇవన్నీ ఆ సెక్షన్ కింద నేరాలు. అందరి ఎదుట కులం పేరుతో దూషిస్తే 3(1)(ఎస్) వర్తిస్తుంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. ఫిర్యాదు తీసుకోకుండా ఎస్సీ, ఎస్టీయేతర అధికారి కావాలని నిర్లక్ష్యం చేస్తే సెక్షన్ 4 ఉంది. 18 ఏళ్ల లోపు ఆడపిల్ల వెంట లైంగిక ఉద్దేశంతో పదేపదే పడటం పోక్సో చట్టం సెక్షన్ 11 కిందికి వస్తుంది.

రోడ్డు లేకపోవడం గురించి సుప్రీంకోర్టు మాట కూడా మనకు ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లో సిమ్లా జిల్లా కొండ పల్లెల పేదలు, ఎక్కువమంది దళితులు, తమ ఊళ్లకు రోడ్డు పని ఆపేశారని ఉత్తరం రాశారు. అది ఉమేద్ రామ్ శర్మ కేసుగా పేరుపడింది. 1986లో తీర్పిస్తూ, కొండ ప్రాంత ప్రజలకు రోడ్డు అందడం అంటే జీవితమే అందడమని, అది రాజ్యాంగం 21వ అధికరణం కిందికి వస్తుందని కోర్టు చెప్పింది. ఒక ఉత్తరంతో మొదలైన కేసు అది.

ఏం చేయొచ్చు

విద్యార్థి సంఘాలు, అంబేడ్కర్ యువజన సంఘాలు ఒక ఆదివారం కేటాయిస్తే చేయగల పనులు ఇవి.

ముందు దారిని కొలవండి. వాడలో చివరి ఇంటి నుంచి బడి గేటు దాకా పిల్లలతో కలిసి నడవండి. ఎన్ని మీటర్లు, ఎన్ని నిమిషాలు, ఎక్కడ రోడ్డు దాటాలి, వాగు ఎన్ని రోజులు పొంగుతుంది, వీధి దీపం ఎక్కడ లేదు, పిల్లలు ఎక్కడ నడక వేగం పెంచుతారు, ఇవన్నీ రాసుకోండి. ఫొటోలు తీయండి. అధికారులు మ్యాపులో గీత గీసి దూరం చెబుతారు. పిల్లలు గీత మీద నడవరు. మన కొలతే అసలు కొలత.

రెండోది, పిల్లల్ని విడిగా, నెమ్మదిగా అడగండి. ఆడపిల్లలతో ఆడవాళ్లే మాట్లాడాలి. చెప్పిన పిల్ల పేరు బయటికి రాకూడదు. చెప్పినందుకు ఆమె బడి మానాల్సి వస్తే మన పనంతా వృథా.

మూడోది, ఆ కాగితాన్ని సరైన చోట పెట్టండి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి. బలహీన వర్గాల వాళ్లకు వాళ్ల పిల్లల సంఖ్యను బట్టి చోటుండాలి. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. అక్కడ తీర్మానం చేయించి మండల విద్యాధికారికి పంపండి. రవాణా భత్యానికి అర్హులైన పిల్లల పేర్లు ఆ తీర్మానంలోనే ఉండాలి. సెక్షన్ 32 కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్లొచ్చు.

నాలుగోది, నెలాఖరున మండలాల్లో జరిగే పౌర హక్కుల దినాన్ని వాడుకోండి. తహశీల్దారు, ఎస్సై వాడకు వచ్చి అంటరానితనం గురించి అడిగే రోజు అది. చాలాచోట్ల సంతకాలతో, టీతో ముగుస్తుంది. రెండు గ్లాసుల సంగతి, గుడి సంగతి అడిగినట్టే బడి దారి సంగతీ మినిట్స్‌లోకి ఎక్కించండి.

ఐదోది మనమే చేసుకోగలిగింది. పదిమంది పిల్లలు ఒకే సమయానికి, ఒకే జట్టుగా బయల్దేరేలా చూడటం. వారానికి ఒక ఇంటి పెద్దవాళ్లు తోడు వెళ్లడం. కూలికి వెళ్లని అవ్వలు, డిగ్రీ చదివే అన్నలు, అక్కలు ఈ పనికి సరిపోతారు. ఒంటరిగా వెళ్లే పిల్లను ఆపేవాడు, జట్టుగా వెళ్లే పిల్లల్ని ఆపడానికి వెనకాడతాడు. అయితే ఇది తాత్కాలిక ఏర్పాటే. మనం తోడు వెళ్తున్నామని ప్రభుత్వం తన బాధ్యత నుంచి తప్పుకోకూడదు.

తల్లిదండ్రులకు ఒక మాట

మరి నడిపించాలా, బండెక్కించాలా? బడి కిలోమీటరు లోపు ఉండి, పెద్ద రోడ్డు అడ్డం లేకపోతే పిల్లల్ని జట్టుగా నడవనివ్వండి. అది వాళ్లకు మేలు. పదేళ్ల లోపు పిల్లలకు పెద్దవాళ్ల తోడు ఉండేలా చూడండి. హైవే, వాగు, రైలు పట్టాలు దాటాల్సి వస్తే మాత్రం "మా పిల్లలు అలవాటుపడ్డారు" అని సర్దుకోవద్దు. రవాణా అడగండి, రాతపూర్వకంగా అడగండి. బండి మీద తీసుకెళ్తే పిల్లలకూ హెల్మెట్ పెట్టండి. ఆటో మాట్లాడుకుంటే ఎంతమందిని ఎక్కించాలో పది ఇళ్లవాళ్లు కలిసి డ్రైవరుతో తేల్చుకోండి. ఒక్క ఇల్లు అడిగితే కుదరనిది పది ఇళ్లు అడిగితే కుదురుతుంది. సాయంత్రం ఇంటికొచ్చిన పిల్లల్ని మార్కులు అడిగే ముందు, దారిలో ఎవరు కనిపించారు, ఏమన్నారు అని అడగండి.

దింపలేకపోయిన తల్లి తనను తాను తిట్టుకోవద్దు. ఆమె కూలి ఆటో ఎక్కింది ఆ పిల్లల చదువు కోసమే. తమ్ముడి చెయ్యి పట్టుకుని రోడ్డు అంచున నిలబడ్డ ఆ తొమ్మిదేళ్ల పిల్ల రోజూ పెద్దవాళ్ల పని చేస్తోంది. ఆ పని చేయాల్సినవాళ్ల పేర్లు చట్టంలో ఉన్నాయి. మన పని వాళ్లను ఆ రోడ్డు దగ్గరికి పిలిపించడం.